గద్వాల నుంచి నాగర్‌కర్నూలంత దూరం

నేను విమానం ఎక్కిన సంగతి గద్వాలలో చాలామందికి తెలుసు. ఎందుకు ఎక్కానో కొందరికే తెలుసు. కూరగాయల అంగట్లో కూడా ఆపి అడుగుతారు: "ఎట్లుంటది సారూ గాలిమోటరు? కడుపుల తిప్పుతదా?" తిప్పుతుందని చెప్పి వంకాయలు ఏరుకుంటాను. బడిలో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి, దేశం ఆ చివరిదాకా పోయొచ్చిన మనిషి పటం ముందు నిలబడి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పాలని మా హెడ్మాస్టరుగారి కోరిక. నిలబడి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ వైపు పోవాలనుకునేవాళ్ళకు పనికొచ్చేవి కూడా ఇందులో ఉన్నాయి. వానాకాలం పోవద్దన్నది వాటిలో మొదటిది.

గద్వాల: పచ్చ చీర

మణిపూర్ నుంచి టెలిగ్రాం వచ్చింది. మా అక్క సరోజకు సీరియస్, వెంటనే బయల్దేరమని బావ పంపాడు.

అక్కను రాజోలిలో ఇచ్చాం. బావ కూడా మాలాగే మగ్గం మనిషి. రాజోలిలో పని సన్నగిల్లాక, చదువు వచ్చినవాడు కదా అని తిమ్మాజిపేట మేస్త్రి ఒకాయన తన కూలీల గుంపుకు గుమాస్తాగా తీసుకుపోయాడు. మన పాలమూరు కూలీలు లేని ఆనకట్ట దేశంలో ఎక్కడుంది? ఇంఫాల్ అవతల కొండల్లో చిన్న ఆనకట్ట పని. అక్క కూడా వెంట పోయింది, గుంపుకు వండిపెట్టింది. అక్కడి చలిజ్వరం మంచిది కాదని బావ ముందే రాశాడు.

టెలిగ్రాంలో సీరియస్ అంటే ఏమిటో మా వీధిలో అందరికీ తెలుసు. సగం సార్లు అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. అయినా ఆ మాట ఇంట్లో ఎవరూ పలకలేదు.

పెళ్ళయిన ఆడబిడ్డ పోతే, తల్లిగారింటి నుంచి చీర రావాలి. ఆ చీర కప్పకుండా ఆమెను లేపరు. ఇది మా వైపు పద్ధతి. ఆడబిడ్డ చల్లగా ఉంటే కూడా తల్లిగారే చీర పెడతారు. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడిలో పోసి వడిబియ్యం అంటారు. చీర చీరే. ఏ పనికన్నదే తేడా.

అమ్మ బియ్యానికి పసుపు పట్టించి సంచిలో పోసింది. కుడుకలు పెట్టింది. నాన్న గుంటమగ్గంలోంచి లేవలేదు. అమ్మ దుకాణానికి పోవాల్సిన చీరల్లోంచి ఎర్రది ఒకటి తీస్తుంటే మాత్రం, "గది గాదు, పచ్చది తియ్యి" అన్నాడు. అక్క పెళ్ళికి ముందు దాకా నాన్నకు కండెలు చుట్టిచ్చింది. పచ్చ రంగు కండె దొరికితే చాలు, పొద్దంతా అదే పట్టుకుని కూర్చునేది. ఇది చిలకపచ్చ నూలు చీర, కుంకుమ రంగు పట్టు అంచు. అంచునూ ఒంటినీ కలిపే చోట పోగు పోగునా చేత్తో ముడి పడ్డ చీర.

"అది లేసి కూసున్నంక ఒళ్ళె పోయించు. క్యాంపుల మనూరి ఆడోళ్ళు ఉంటరు, వాళ్ళతోని పోయించు" అన్నది అమ్మ.

"అట్లనే" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు, నేను ఆమె మొహం చూడలేదు.

తిమ్మాజిపేట: పోగుతో కొలత

క్యాంపుకు దారి తెలిసిన మనిషి మేస్త్రి ఒక్కడే. కొత్త కూలీల కోసం ఆయన ఊళ్ళోనే ఉన్నాడని తెలిసి అటు పోయాను. బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ కృష్ణలోకి చిల్లర విసిరారు, నేనూ విసిరాను. దేవుడి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ ఆ రోజు ఎవరితోనూ తగువు పెట్టుకోదలచుకోలేదు.

వనపర్తి బస్టాండులో మిర్చి బజ్జీ తిని చేయి తుడుచుకుంటుంటే ఒక గుంపు బస్సెక్కింది. మూటలు, గంపలు, కోడి, ముసలి వాళ్ళు. వానలు మొహం చాటేసి పల్లిచేన్లు ఎండిపోయిన ఏడాది అది. ఎటు పోతున్నారని అడిగితే ఒకామె, "తెల్వదు సారూ. మేస్త్రికి తెలుసు" అన్నది. గోపాల్‌పేట దాటేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. నా పనీ అంతే, నాకూ తెలియదు, మేస్త్రికి తెలుసు. నాగర్‌కర్నూలులో దిగి ఇంకో బస్సు పట్టుకుని తిమ్మాజిపేట చేరాను.

మేస్త్రి మర్యాద మనిషి. చాయ తెప్పించాడు. "రైలు మీద రైలు పట్టుకోని పోతే అందవు సారూ. కలకత్తకు పో. ఆడ గాలిమోటరెక్కు. సిల్చరుల ఒకపారి దిగుతది, మల్ల లేస్తది. సిల్చరు సంది ఇంఫాలుకు బీడీ తాగెటంత సేపే."

నా సంచిలో బడి అట్లాసు ఉంది. చీర మడతకు కట్టిన పట్టుపోగు విప్పి, సిల్చర్ నుంచి ఇంఫాల్‌కు పటం మీద పెట్టి, స్కేలుకు ఆనించి చూశాను. పొద్దున గద్వాలలో ఎక్కి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు దాకా వచ్చానే, సరిగ్గా ఆ బస్సు దారంత దూరం. ఆ దూరం నాకు బాగా తెలుసు. మధ్యలో మిర్చి తినొచ్చు.

"దగ్గరే" అన్నాను.

"దగ్గరనే సారూ. పరేషాన్ గాకు" అన్నాడు మేస్త్రి.

కలకత్తా: నూలు బేరగత్తె

రైలులో తిన్నవేవీ చెప్పుకోదగ్గవి కావు. కలకత్తాలో చెప్పుకోదగ్గవి ఉన్నాయంటారు, నేను చూడలేదు. విమానం టికెట్ ధర విని రెండోసారి అడిగాను. కిటికీ వెనకాయన రెండోసారి కూడా అదే చెప్పాడు. టికెట్ చేతికి రాగానే బావకు టెలిగ్రాం కొట్టాను, విమానంలో వస్తున్నానని.

విమానంలో పళ్ళెం నిండా చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చి ఇస్తారు. మొదటిసారి ఎక్కేవాళ్ళకు చెప్తున్నాను, దూది తినకండి. నా పక్క సీటులో నడివయసు మణిపురి ఆమె. పేరు తోంబి. ఇంఫాల్‌లో ఆడవాళ్ళే నడిపే బజారు ఉందట, అందులో నూలు అమ్ముతుంది. ఆమె హిందీ, నా గద్వాల ఉర్దూ కలిసి ఎట్లాగో నడిచాయి. మా ఇంట్లో నేసేది నాన్న అని చెప్తే నమ్మలేదు. వాళ్ళ వైపు మగ్గం ఆడవాళ్ళది, మగవాడు కూర్చుంటే నవ్వుతారట. "మరి మీ ఆడవాళ్ళు ఏం చేస్తారు?" అంది. కండెలు చుడతారు, పోగులు అతుకుతారు, పేరు మాత్రం మాది అన్నాను. బాగా నవ్వింది. తర్వాత ఎందుకు పోతున్నావని అడిగింది. చెప్పాక మళ్ళీ నవ్వలేదు.

సిల్చర్: రెండుసార్లు దిగిన ఊరు

చాయ తోటల మధ్య చిన్న విమానాశ్రయం. మా గద్వాల రైల్వే స్టేషను దానికన్నా ఘనంగా ఉంటుంది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు, విమానం మళ్ళీ లేచింది. మేస్త్రి మాట గుర్తుండి గడియారం చూసుకున్నాను. నిజమే, కాసేపటికే మైకులో ఇంఫాల్ వచ్చిందన్నారు.

కిటికీలో మబ్బు తప్ప ఏమీ లేదు. విమానం ఒక పక్కకు వంగి చుట్టు తిరిగింది. మళ్ళీ తిరిగింది. కిందికి దిగుతున్నట్టే దిగి, ఒక్కసారిగా రొద చేస్తూ పైకి లేచింది. ముందు సీట్లో ఎవరో వాంతి చేసుకున్నారు. మైకులో హిందీలో, ఇంగ్లీషులో చెప్పారు: కింద వాతావరణం బాగాలేదు, వెనక్కి పోతున్నాం. తోంబి కళ్ళు మూసుకుని ఏదో జపం చేస్తోంది. నేను కిటికీకి నుదురు ఆనించి కిందికి చూస్తూనే ఉన్నాను. ఎక్కడో ఇక్కడే, ఈ మబ్బు కిందే అక్క ఉందనుకున్నాను.

సిల్చర్‌లో దించి, రేపు రమ్మన్నారు. మరుసటి రోజు పొద్దున్నే పోయి కూర్చున్నాం. విమానం కలకత్తాలోనే ఆగిపోయిందని మధ్యాహ్నం చెప్పారు. ఇంకోరోజు ఆగితే తప్పకుండా వస్తుందట. అట్లా చెప్పిన ఆయన మంచివాడే, అబద్ధమని ఆయనకూ తెలుసు. నేను అట్లాసు తీసి మళ్ళీ కొలిచాను, దూరం ఏమీ మారలేదు.

తోంబి ఆకులో కట్టిన అన్నం విప్పి సగం నాకు పెట్టింది. ఎండుచేపల పచ్చడి. ఆ వాసనకు నా కళ్ళు తిరిగాయి. మా ఇంట్లో పచ్చిపులుసు, జొన్నరొట్టె తినే నోరు నాది. అయినా తిన్నాను. తిన్నాక ఆమె, "ఈ వానలో ఆకాశాన్ని నమ్మకు. రేపు నేను రోడ్డు మీద పోతున్నా. వస్తే రా" అన్నది.

కొండదారి: సంచి విప్పించారు

సిల్చర్ నుంచి ఇంఫాల్‌కు రోడ్డు ఉంది. ఉంది అన్నంత వరకే. పొద్దున ఎక్కిన బస్సు జిరిబామ్ దాటాక కొండలు మొదలయ్యాయి. నల్లమల చూసినవాణ్ణి, కొండలు నాకు కొత్త కాదనుకున్నాను. అవి వేరు. ఒక మలుపు తిరిగితే ఎదురుగా ఇందాకటి రోడ్డే కింద కనిపిస్తుంది. పొద్దంతా పోయి, పోయిన చోటే ఉన్నట్టుంటుంది. పటంలో పోగు పొట్టిదే. నేల మీద దాన్ని ముడతలు ముడతలుగా పరిచారు.

చెక్‌పోస్టులు చాలా ఉన్నాయి. ఒకచోట అందర్నీ దింపి సంచులు విప్పించారు. జవాను కుర్రవాడేమీ కాదు, మీసాలు నెరిశాయి. నా సంచిలోంచి పసుపు బియ్యం తీశాడు, కుడుకలు తీశాడు, చీర తీసి అంచు మీద చేయి పెట్టి నిమిరాడు. మొహం కాస్త మెత్తబడింది.

"షాదీ?" అన్నాడు.

ఏం చెప్పాలి? కాదంటే మరి ఎందుకని అడుగుతాడు. ఎందుకో నాకు తెలియదు. అవునన్నట్టు తల ఊపాను. అతను చీరను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టి, అందరికన్నా ముందు నన్ను వదిలాడు. బస్సులో కూర్చున్నాక సంచిని ఒళ్ళోకి లాక్కుని ముడుచుకున్నాను. తోంబి తన శాలువ తీసి నా మీద వేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ముందు కొండ విరిగి రోడ్డు మీద పడింది. రాత్రికి అక్కడే ఒక హోటలు పాకలో ఒరిగాం. తెల్లారాక మోకాళ్ళ లోతు బురదలో అవతలికి నడిచి, అక్కడ నిలిచిన లారీ ఎక్కాం. చెప్పు ఒకటి బురదలో పోయింది. సంచిని నెత్తి మీద పెట్టుకున్నాను కాబట్టి బియ్యం తడవలేదు. అంతకుమించి నేను జాగ్రత్తగా చేసిన పని ఏదీ లేదు. ఇంఫాల్ చేరాక తోంబి నన్ను క్యాంపు వైపు పోయే బస్సులో కూర్చోబెట్టి, శాలువ వాపసు ఇస్తే తీసుకోకుండా వెళ్ళిపోయింది.

క్యాంపు: బాలమ్మ

ఎర్రటి బురద, రేకుల షెడ్లు. బస్సు దిగి ఒంటి చెప్పుతో నిలబడితే, "ఎవరు గావాలె?" అని పాలమూరు గొంతు వినబడింది. ఇన్ని రోజులుగా ఆ మాట తీరు వినక, ముందు నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అడిగినామె పేరు బాలమ్మ. నాగర్‌కర్నూలు వైపు మనిషి, అక్క ఈడుది. కౌలుకు చేసిన చేను ఎండిపోతే మొగుడితో ఇక్కడికి వచ్చింది. నేను సరోజ తమ్ముణ్ణని చెప్పాను. ఆమె నా మొహం చూసి, సంచి చూసి, నేల మీద కూలబడింది.

"ఆలిశమాయె తమ్మీ" అన్నది.

నేను సిల్చర్ విమానాశ్రయంలో అట్లాసు మీద పోగు పెట్టి కొలిచిన రోజే, పొద్దున, అక్క పోయింది. తమ్ముడు చీర తెస్తున్నాడని ఆ రోజంతా ఆపారు. మరునాటికి ఇక ఆపలేకపోయారు. తల్లిగారి చీర లేకుండా ఎట్లా లేపుతారని ఆడవాళ్ళు పట్టుబట్టారట. అప్పుడు బాలమ్మ తన పెట్టెలోంచి ఇంకా మడత విప్పని కొత్త చీర తెచ్చి కప్పింది. "ఇయ్యాల దీని తల్లిగారిదాన్ని నేనే. లేపున్రి" అన్నదట. వాళ్ళ కులం వేరు, మాది వేరు. ఊళ్ళో అయితే గడప దగ్గరే ఆపేవాళ్ళం. అక్కడ ఎవరూ ఆపలేదు.

బావ షెడ్డు మూల కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు:

"గాలిమోటరు సప్పుడు ఇన్నది శీనూ. గా దినం మబ్బుల మీద తిరిగింది సూడు, ఇన్నది. జ్వరంల గూడ లేసి కూసున్నది. 'తమ్ముడు అండ్ల ఉన్నడు, దిగుతుండు, అన్నం వండున్రి' అన్నది. బాలమ్మ వండింది. పొద్దూకెదాంక తలుపు దిక్కె సూసింది."

ఆ విమానంలో నేను కిందికి చూస్తున్నానని బావకు చెప్పాను. చెప్పి ఏడ్చాను. బావ అప్పుడు ఏడ్చాడు.

అది మూడో రోజు, పిట్టకు పెట్టే రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతాం, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందంటారు. క్యాంపులో రేషను బియ్యం అయిపోయింది. "సంచిల బియ్యం ఉన్నయి గద" అన్నది బాలమ్మ. అమ్మ ఒడిలో పోయించమన్న బియ్యాన్ని ఆడవాళ్ళు కడిగారు. ఎన్ని నీళ్ళు పోసినా పసుపు పోలేదు. పచ్చటి అన్నమే వండి, అక్కను మట్టి చేసిన చోట ఆకులో పెట్టారు.

వాన సన్నగా పడుతోంది. కాకి రాలేదు. బావ చేతులు జోడించి, "నిన్ను ఇంత దూరం తెచ్చిన, నాదే తప్పు" అన్నాడు. రాలేదు. అందరూ తడుస్తూ నిలబడ్డారు.

"అలిగింది. తల్లిగారి సీర సూపియ్యి తమ్మీ" అన్నది బాలమ్మ.

పచ్చ చీర తీసి, మడతలు విప్పి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. "నాన్న పచ్చదే తియ్యమన్నడక్కా" అన్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు. కాసేపటికి వాన ఆగింది, ఎక్కడినుంచో కాకి వచ్చి ఆకు మీద వాలింది. వాన ఆగింది కాబట్టి వచ్చిందని సోషల్ మాస్టరుగా నా అభిప్రాయం. ఇంకో అభిప్రాయం కూడా ఉంది.

పోయినవాళ్ళ కోసం తెచ్చిన చీర మళ్ళీ గడప దాటి ఇంటికి రాకూడదు. మట్టి మీద కప్పుదామన్నాడు బావ. నాకు ఒప్పలేదు. బాలమ్మ చీర అక్క మీద ఉంది, ఆమె పెట్టె ఖాళీగా ఉంది. ఇది నువ్వు కట్టుకో అని ఇచ్చాను. ఆమె అంచు పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"కట్టుకోను తమ్మీ, దాసిపెడత. నాకు తల్లిగారిదిక్కు ఎవ్వరు మిగల్లేదు. నేను గూడ గీడనే పోతే గిదే కప్పుమని చెప్త. ఇగ నా కోసం ఎవ్వరు గంత దూరంకెల్లి ఉరుకొచ్చె పని ఉండది."

ఆమె మామూలుగానే అన్నది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో చెప్పినట్టు చెప్పింది. పెట్టెలో అడుగున పెట్టి మూత వేసింది.

తిరుగు విమానం

నేను బయల్దేరిన రోజు ఎండ కాసింది. ఇంఫాల్‌లో విమానం చెప్పిన వేళకు వచ్చింది. చాక్లెట్ పళ్ళెం తెచ్చారు, ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాను. కిందంతా స్పష్టంగా కనిపించింది. కొండలు, వాటి మీద సన్నటి రోడ్డు, విరిగిపడ్డ చోట ఎర్రటి గాటు. అక్కడెక్కడో నా చెప్పు ఉంది. తర్వాత చాయ తోటలు వచ్చాయి. సిల్చర్ నేలకు చక్రాలు తగిలాయి. చాక్లెట్ ఇంకా నోట్లోనే ఉంది. దాన్ని కాగితంలోకి ఉమ్మేశాను.

గద్వాల

టెలిగ్రాం నాకన్నా ముందే చేరింది కాబట్టి ఇంట్లో నేను చెప్పాల్సిన కబురు ఏమీ లేదు. నాన్న మగ్గం ఆపేసి ఉన్నాడు. అమ్మ నా కాళ్ళ మీద నీళ్ళు పోసి, ఖాళీ సంచి తీసుకుని దులిపింది. మూలల్లో ఇరుక్కున్న పసుపు బియ్యం గింజలు రాలాయి. వాటిని ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంటూ బాలమ్మ గురించి విన్నది. చీర గురించి విన్నది. మంచి పని చేసినవన్నది. విమానం చప్పుడు సంగతి చెప్పొద్దనుకున్నాను, చెప్పేశాను.

గింజలు ఏరడం ఆపింది.

"నువ్వు దిగిన ఊరికెల్లి అక్క ఉన్న ఊరికి ఎంత దూరం రా?"

అమ్మ అట్లాసు చూడలేదు, సిల్చర్ పేరు ఆమె నోరు తిరగదు. ఆమెకు తెలిసిన దూరంతోనే చెప్పాలి. "ఇక్కడినుంచి నాగర్‌కర్నూలంత" అన్నాను.

నాగర్‌కర్నూలుకు అమ్మ చాలాసార్లు పోయింది. పొద్దున పోయి పెళ్ళి చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేది.

"గింత దగ్గరకు పోయి ఎట్ల అందకుంటివిరా?" అన్నది.